ఇన్స్‌బ్రుక్‌లో బస ఎక్కడ? ‘సిటీ సెంటర్‌కు దగ్గర’ అనే మాట వెనుక లెక్కలు

షెంగెన్ వీసాకు ఫైలు సర్దుకునేటప్పుడే యూరప్‌లో ఏ రాత్రి ఎక్కడ దిగుతామో చూపించాలి. అంటే ఊరు ఎలా ఉంటుందో తెలియకముందే, ఏ రోజు ఏం చూస్తామో తేల్చుకోకముందే హోటల్ బుక్ అయిపోవాలి. పారిస్‌లోనో రోమ్‌లోనో ఇదేమంత ఇబ్బంది కాదు. మెట్రో స్టేషన్ పక్కన ఏదో ఒకటి పట్టుకుంటే పని నడిచిపోతుంది. ఆల్ప్స్ పర్వతాల మధ్య ఉన్న నగరాల్లో అలా కుదరదు. మ్యాప్ మీద పక్కపక్కనే కనిపించే రెండు హోటళ్లలో ఒకటి నది ఒడ్డున ఉంటే, రెండోది దానికి మూడొందల మీటర్ల ఎత్తున కొండ మీద ఉండొచ్చు.

ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ దీనికి సరైన ఉదాహరణ. మనవాళ్లకు ఈ ఊరు కొత్తేమీ కాదు. స్విట్జర్లాండ్ చూసి ఇటలీకి దిగే గ్రూప్ టూర్లు చాలావరకు దారిలో ఇక్కడో, చుట్టుపక్కలో ఒక రాత్రి ఆగి, దగ్గర్లోని వాటెన్స్‌లో స్వరోవ్‌స్కీ క్రిస్టల్ మ్యూజియం చూపించి ముందుకు సాగుతాయి. మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకైతే ఇది రెండు గంటల ప్రయాణం, శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగొచ్చే ఊరు. సొంతంగా వెళ్లేవాళ్లు పెరిగేకొద్దీ ఒకటే ప్రశ్న: పాతబస్తీలో ఉండాలా, స్టేషన్ దగ్గరా, కొండ మీదా, పక్క పల్లెలోనా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. నిజానికి వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. ఎవరి ప్రయాణాన్ని బట్టి వాళ్లు చెబుతున్నారు.

ముందు ఊరి రూపం

ఇన్స్‌బ్రుక్ టిరోల్ రాష్ట్రానికి రాజధాని. జనాభా సుమారు 1,30,000. సముద్రమట్టానికి 574 మీటర్ల ఎత్తులో, ఇన్ నది లోయలో ఉంటుంది. లోయ పడమర నుంచి తూర్పుకు సాగుతుంది కాబట్టి ఊరూ అలాగే పొడుగ్గా పరుచుకుంది. ఉత్తరాన గోడ కట్టినట్టు నార్డ్‌కెట్టే పర్వతశ్రేణి, దక్షిణాన 2,246 మీటర్ల పాట్షర్‌కోఫెల్ శిఖరం. ఆ శిఖరానికీ ఊరికీ మధ్య, సుమారు 870 మీటర్ల ఎత్తున, అరుగులాంటి ఒక చదునైన మెట్ట ఉంది. ఇగ్ల్స్ లాంటి పల్లెలు దాని మీదే ఉన్నాయి.

మధ్యలో నదికి దక్షిణ ఒడ్డున పాతబస్తీ. దాని నడిబొడ్డున, 1500 ప్రాంతంలో మాక్సిమిలియన్ చక్రవర్తి కట్టించిన బంగారు కప్పు. ఫొటోల్లో అందరూ చూసే ఆ చిన్న వసారా మీద బంగారు పూత వేసిన రాగి పెంకులు 2,657. అక్కడి నుంచి దక్షిణంగా మరియా తెరీజియా వీధి, దాని చివర విజయ తోరణం, ఆపైన విల్టెన్ అనే పేట. పాతబస్తీకి ఆగ్నేయంగా ప్రధాన రైల్వే స్టేషన్. ఈ రెంటికీ మధ్య నడక పావుగంట. నది దాటితే సాంక్ట్ నికోలౌస్, మరియాహిల్ఫ్ పేటలు. ఫొటోల్లో వచ్చే రంగురంగుల ఇళ్ల వరుస అక్కడిదే. వాటి వెనక నుంచే కొండ మొదలవుతుంది. ఆ వాలు మీద హొట్టింగ్, ఇంకా పైన 860 మీటర్ల ఎత్తులో హుంగర్‌బుర్గ్. తూర్పు కొసన 1964, 1976 శీతాకాల ఒలింపిక్స్ క్రీడాకారుల కోసం కట్టిన బహుళ అంతస్తుల ఇళ్లు ఉన్నాయి. ఇప్పుడు అది మామూలు మధ్యతరగతి కాలనీ.

‘దగ్గర’ అంటే ఎంత దగ్గర?

బుకింగ్ సైట్లు ‘సెంటర్‌కు 2 కి.మీ.’ అని రాస్తాయి. అది గీత గీసి కొలిచిన దూరం. మైదాన ప్రాంతంలో ఆ అంకెను నమ్మొచ్చు. ఇక్కడ దానితో పాటు ఎత్తును, బండి టైమును కూడా చూడాలి.

హుంగర్‌బుర్గ్‌నే తీసుకుందాం. పాతబస్తీ అంచున కాంగ్రెస్ స్టేషన్ నుంచి అక్కడికి కేబుల్ రైలు ఉంది. దాని దారి పొడవు 1.8 కిలోమీటర్లే కానీ ఎక్కే ఎత్తు 288 మీటర్లు. అంతస్తుకు మూడు మీటర్లు వేసుకుంటే తొంభై ఆరు అంతస్తులు. రైలు ఉన్నంతసేపూ బాధ లేదు, ఎనిమిది నిమిషాల్లో పైకి చేర్చేస్తుంది. పైగా ఆ స్టేషన్లు ప్రఖ్యాత వాస్తుశిల్పి జహా హదీద్ డిజైన్ చేసినవి, 2007లో తెరిచారు, ఎక్కడమే ఒక సరదా. కానీ ఆ రైలు రాత్రి పొద్దుపోయేదాకా తిరగదు. భోంచేసి, కాస్త తిరిగి, పదింటికి బస్ స్టాప్‌కు వచ్చేసరికి మిగిలేది బస్సే. అది గంటకు ఎన్నిసార్లుందో చూసుకోవాల్సిన టైము అది.

ఇప్పుడు ఇంకో రకం దూరం. హాల్ అనే చిన్న ఊరు ఇన్స్‌బ్రుక్‌కు తూర్పున పది కిలోమీటర్ల దూరంలో ఉంది. మధ్యయుగం నాటి కోట ఊరు. ఉప్పు వ్యాపారంతో, నాణేల ముద్రణతో బతికింది. తర్వాత యూరప్‌లో చెలామణి అయిన ‘టాలర్’ అనే వెండి నాణేనికి పూర్వరూపమైన పెద్ద వెండి నాణెం 1486లో ఇక్కడే అచ్చైంది. మ్యాప్‌లో చూస్తే ‘అమ్మో, అంత దూరమా’ అనిపిస్తుంది. కానీ లోయలో రైలు లైను చదునుగా, తిన్నగా పోతుంది కాబట్టి ఇన్స్‌బ్రుక్ స్టేషన్ నుంచి పది నిమిషాల్లోపే దిగిపోవచ్చు. అక్కడి స్టేషన్ నుంచి పాత ఊళ్లోకి మరికొంత నడక. దూరంలో ఇందులో సగమే ఉన్న ఇగ్ల్స్‌కు ఊరి మధ్య నుంచి బస్సులో వంపులు తిరుగుతూ ఎక్కడానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది.

టూర్ కాగితాల్లో ‘ఇన్స్‌బ్రుక్/జీఫెల్డ్ లేదా దగ్గర్లో బస’ అని ఉంటే దాని అర్థం కూడా ఇప్పుడు సులువుగా తెలుస్తుంది. జీఫెల్డ్ సుమారు 1,180 మీటర్ల ఎత్తున ఉన్న వేరే ఊరు. రైల్లో నలభై నిమిషాల దాకా పడుతుంది. ఊరు చక్కగానే ఉంటుంది. కానీ ‘రాత్రి భోజనమయ్యాక బంగారు కప్పు దగ్గర ఓ రౌండ్ వేసొద్దాం’ అనుకుంటే మాత్రం కుదరదు. కోచ్‌లో వెళ్లేవాళ్లు డబ్బు కట్టకముందే హోటల్ పేరు అడిగి మ్యాప్‌లో చూసుకోవచ్చు. చాలామంది అడగరు.

అందుకే నా లెక్కలో ఇక్కడ బసను పగటి కార్యక్రమాన్ని బట్టి కాక, సాయంత్రాన్ని బట్టి చూడాలి. పొద్దున్న తొమ్మిదికి ఏ పేట నుంచైనా ఎక్కడికైనా బండి దొరుకుతుంది. చీకటి పడ్డాక ఎక్కడ ఉండాలనుకుంటున్నారు, అక్కడి నుంచి గదికి ఎలా చేరతారు అన్నదే పేటకూ పేటకూ ఉన్న తేడా.

ఊళ్లోపల: పాతబస్తీ, స్టేషన్, విల్టెన్

పాతబస్తీలో ఉంటే రాత్రి ఎంత ఆలస్యమైనా కాలినడకన గది చేరొచ్చు. కాంగ్రెస్ స్టేషన్ కూడా పక్కనే కాబట్టి నార్డ్‌కెట్టే ఎక్కడానికి తెల్లారి లేచి పరుగులు పెట్టక్కర్లేదు. కానీ అక్కడి కట్టడాల్లో చాలావాటికి కొన్ని వందల ఏళ్లు. మెట్లు ఇరుకు, కొన్నిచోట్ల లిఫ్ట్ ఉండదు, ఉన్నా ఇద్దరు మనుషులకూ ఒక సూట్‌కేస్‌కూ సరిపోతుంది. వీధుల్లోకి కార్లు రావు. రాళ్లు పరిచిన దారిలో ఇరవై మూడు కిలోల పెట్టె చక్రాలు చేసే చప్పుడుకు వీధి వీధంతా తిరిగి చూస్తుంది. కిటికీ తీస్తే పర్వతం కనిపిస్తుందనుకుంటాం. చాలా గదుల్లోంచి కనిపించేది ఎదురింటి గోడే. వేసవి రాత్రుల్లో కింద కూర్చుని తాగేవాళ్ల మాటలు, పొద్దున్నే చర్చి గంటలు కూడా ఉచితం.

స్టేషన్ చుట్టుపక్కల అందం తక్కువ, సుఖం ఎక్కువ. కొత్త కట్టడాలు, పెద్ద లిఫ్టులు, కింద ట్రామ్, ఎదురుగా బస్సులు. ఒక్క రాత్రికి దిగి పొద్దున్నే రైలెక్కేవాళ్లకు, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వచ్చేవాళ్లకు ఇంతకంటే అనుకూలమైన చోటు లేదు. రాత్రిపూట స్టేషన్ దగ్గర ఉండటం మంచిదేనా అని కొందరు అడుగుతారు. ఏ రైల్వే స్టేషన్ దగ్గరైనా ఉండే కొంచెం గజిబిజి ఇక్కడా ఉంటుంది, అంతకు మించి కాదు. చూసుకోవాల్సింది శబ్దం. స్టేషన్ నుంచి ఉత్తరంగా రైలు కట్ట కింద వరసగా కమానులు ఉంటాయి. వాటిలో బార్లు, క్లబ్బులు నడుస్తాయి, వారాంతాల్లో తెల్లవారేదాకా. ఆ వైపు గది తీసుకుంటే రివ్యూల్లో ‘శబ్దం’ అన్న మాట కోసం ఒకసారి వెతకండి.

విల్టెన్ గురించి టూరిస్టులు తక్కువ మాట్లాడతారు, అక్కడుండే విద్యార్థులు ఎక్కువ మాట్లాడతారు. పాతబస్తీ నుంచి మరియా తెరీజియా వీధి పట్టుకుని దక్షిణంగా నడిస్తే విజయ తోరణం వస్తుంది. 1765లో యువరాజు పెళ్లి కోసం మొదలుపెట్టారు. ఆ వేడుకల్లోనే అతని తండ్రి, చక్రవర్తి ఫ్రాంజ్ కన్నుమూశాడు. దాంతో తోరణానికి ఒక వైపు పెళ్లి సంబరం, రెండో వైపు సంతాపం చెక్కారు. దాన్ని దాటగానే విల్టెన్: చిన్న కాఫీ హోటళ్లు, బేకరీలు, మామూలు జనం ఉండే అపార్ట్‌మెంట్లు, చివర బెర్గిజెల్ కొండ మీద స్కీ జంప్ టవర్. ఆ జంప్ పైన నిలబడిన క్రీడాకారుడికి ఎదురుగా కనిపించేది విల్టెన్ శ్మశానం. ఏటా జనవరి మొదట్లో అక్కడ పోటీలు జరుగుతాయి. ఆ రెండు మూడు రోజులూ ఈ పేటలో గది దొరకడం కష్టం. మిగతా రోజుల్లో పాతబస్తీ కంటే కాస్త తక్కువ రేటు, నిశ్శబ్దం, పదిహేను ఇరవై నిమిషాల నడక. రెండు మూడు రాత్రులు ఉండేవాళ్లకు నా మొగ్గు ఇటువైపే.

ఇక ప్రాడ్ల్, ఒలింపిక్ కాలనీ లాంటి తూర్పు పేటలు. చూడ్డానికి ఏమీ ఉండదు, కానీ నేల చదును, ట్రామ్ తరచుగా వస్తుంది. అపార్ట్‌మెంట్లు ఇక్కడే చౌక. హొట్టింగ్ వైపు వెళ్తే మాత్రం ‘నదికి దగ్గర’ అన్న మాటను నమ్మకండి. కొన్ని సందులు ఎంత నిటారుగా ఉంటాయంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పొద్దున దిగగలరేమో కానీ సాయంత్రం ఎక్కలేరు. మంచు గడ్డకట్టిన రోజుల్లో దిగడమూ కష్టమే.

కొండ మీద ఉండాలా? రెండు వైపుల మాటా వినండి

ఇగ్ల్స్ పక్షం వహించేవాళ్లు చెప్పేది ఇది. ఆల్ప్స్‌కు వచ్చి ట్రామ్ మోత వినడమెందుకు? పైన గడ్డి మైదానాలు, చెక్క బాల్కనీల ఇళ్లు, కిటికీ తీయగానే పర్వతాలు. శీతాకాలంలో ఇంకో లాభం కూడా ఉంది. చల్లగాలి బరువెక్కి లోయ అడుగున నిలిచిపోతుంది, దాని మీద పొగమంచు కప్పుకుంటుంది. అలాంటి రోజుల్లో కింద ఊరు బూడిదరంగులో వణుకుతుంటే పైన మెట్ట మీద ఎండ కాస్తుంటుంది. పాట్షర్‌కోఫెల్ లిఫ్టు పక్కనే ఉంది, 1976 ఒలింపిక్స్‌లో ఆస్ట్రియా స్కీయర్ ఫ్రాంజ్ క్లామర్ బంగారు పతకం గెలిచిన కొండ అదే. పిల్లలకు మంచు ఆటలు నేర్పించాలనుకునే కుటుంబాలకు ఇది బాగా కుదురుతుంది.

ఊళ్లో ఉండాలనేవాళ్ల మాటా సబబుగానే ఉంటుంది. ఇన్స్‌బ్రుక్ గొప్పతనమే నగరం, పర్వతం ఒకేచోట ఉండటం. పొద్దున నార్డ్‌కెట్టే మీద, 2,256 మీటర్ల ఎత్తున ఉన్న హాఫెలెకార్ కేబుల్ కార్ స్టేషన్‌లో మంచు తొక్కి, మధ్యాహ్నం మ్యూజియం చూసి, సాయంత్రం వీధిలో కాఫీ తాగొచ్చు. పైన పల్లెలో ఉంటే ఆ సాయంత్రం పోతుంది. చీకటి పడితే అక్కడ చేసేదేమీ లేదు. రెస్టారెంట్లు కొన్నే, వాటిలోనూ వారంలో ఒకటి రెండు రోజులు సెలవు ఉండేవే ఎక్కువ. బస్సు తప్పిపోతే టాక్సీయే గతి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. నార్డ్‌కెట్టే ఫొటోలు చూసి మనసు పడి, దాని ఒళ్లోనే ఉందామని హుంగర్‌బుర్గ్‌లో గది తీసుకుంటే కిటికీలోంచి నార్డ్‌కెట్టే కనిపించదు. మీరు దాని మీదే ఉన్నారు మరి. కనిపించేది కింద ఊరు, ఎదురుగా పాట్షర్‌కోఫెల్, సెర్లెస్ శిఖరాలు. అదీ గొప్ప దృశ్యమే. కానీ ఫొటోలో చూసిన ఆ గోడలాంటి పర్వతం కావాలంటే విల్టెన్‌లోనో స్టేషన్ దగ్గరో ఉత్తరం వైపు తెరుచుకునే పై అంతస్తు గది అడగాలి. ‘మౌంటెన్ వ్యూ’ అని రాసి ఉంటే చాలదు. ఈ ఊళ్లో ఏ కిటికీ తీసినా ఏదో ఒక కొండ కనిపిస్తూనే ఉంటుంది.

స్కీయింగ్ కోసమే వచ్చేవాళ్ల లెక్క వేరు. స్టుబాయ్ హిమానీనదం మీద రోజూ స్కీ చేయాలనుకుంటే ఊళ్లో ఉండి రోజూ బస్సులో పోనూ గంటకు పైన, రానూ అంతే. నాలుగైదు రోజులు అలా తిరిగే బదులు స్టుబాయ్ లోయలోనే ఏదో పల్లెలో ఉండటం మేలు. ఒకటి రెండు రోజుల సరదాకైతే ఊరే నయం. సీజన్‌లో చుట్టుపక్కల స్కీ కొండలకు ఇక్కడి నుంచి స్కీ బస్సులు తిరుగుతాయి.

బోర్డు మీద పేర్లకు అర్థం

‘హోటల్’ అంటే మనకు తెలిసిందే. ‘గార్ని’ అని ఉంటే పొద్దున టిఫిన్ ఒక్కటే పెడతారు, రాత్రి భోజనం బయట చూసుకోవాలి. ‘గాస్ట్‌హోఫ్’ అంటే కింద భోజనశాల, పైన కొన్ని గదులు, తరచుగా ఒకే కుటుంబం నడిపేది. ‘పెన్షన్’ అంటే ఇంకా చిన్నది, ఇంటిలాంటి లాడ్జి. ‘ఫెరియన్‌వోనుంగ్’ అంటే వంటగదితో సహా అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్. ‘హాల్బ్ పెన్షన్’ అన్నది బస రకం కాదు, భోజనం లెక్క: ఉదయం టిఫిన్, రాత్రి భోజనం కలిపి రేటు. రాత్రి భోజనం చాలాచోట్ల ఆరున్నర, ఏడింటికే. ఎనిమిదిన్నరకు వెళ్లి ‘ఏముంది?’ అని అడిగితే వంటగది కడుగుతూ కనిపిస్తారు. శాకాహారులు ముందే చెప్పి పెట్టుకోవాలి. లేదంటే మూడు రోజులూ చీజ్ వేసిన ఏదో ఒక పిండివంటే దిక్కు.

చిన్న పెన్షన్లలో రిసెప్షన్ సాయంత్రానికే మూసేస్తారు. ఆలస్యంగా దిగితే తాళం కోసం పెట్టె కోడ్ మెయిల్‌లో పంపుతారు. ఫోన్‌లో డేటా లేకుండా గుమ్మం ముందు నిలబడితే టెన్షన్ తప్పదు. డబుల్ బెడ్ అంటే ఒకే చెక్క మంచం మీద రెండు వేర్వేరు పరుపులు, రెండు వేర్వేరు రజాయిలు. మధ్యలో పిల్లాణ్ని పడుకోబెడదామంటే వాడు ఆ సందులోకి జారతాడు. పిల్లలకు విడిగా మంచం అడగండి. ఏసీ ఉంటుందని అనుకోవద్దు, పాత కట్టడాల్లో అరుదు. ఆల్ప్స్ కదా, ఎందుకులే అనిపిస్తుంది. జులైలో లోయ అడుగున 30 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి.

ఒక కుటుంబం, మూడు బసలు: లెక్క వేసి చూద్దాం

హైదరాబాద్ నుంచి భార్యాభర్తలు, వాళ్లతో అమ్మానాన్నలు: నలుగురు, రెండు గదులు. ఇక్కడి అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. రేట్లు సీజన్‌ను బట్టి మారతాయి, లెక్క వేసే పద్ధతి మారదు.

పాతబస్తీ దగ్గర హోటల్‌లో గది 130 యూరోలు, టిఫిన్ కలిపి. మూడు రాత్రులకు రెండు గదులు 780. రాత్రి భోజనం బయట మనిషికి 25 చొప్పున 300. మొత్తం 1,080. ఇగ్ల్స్‌లో గాస్ట్‌హోఫ్ గది 105 అనుకుంటే 630. రాత్రి భోజనం అక్కడే మనిషికి 22 చొప్పున 264. ఒక రాత్రి బస్సు తప్పి టాక్సీకి 30. మొత్తం 924. ప్రాడ్ల్‌లో అపార్ట్‌మెంట్ రాత్రికి 150 చొప్పున 450, శుభ్రం చేసినందుకు ఒకేసారి 90, టిఫిన్ సరుకులకు రోజుకు 20 చొప్పున 60, రెండు రాత్రులు ఇంట్లో వంటకు 60, ఒక రాత్రి బయట 100. మొత్తం 760.

చూస్తే అపార్ట్‌మెంటే గెలిచింది. పెరుగన్నం, పప్పు దొరికితే అమ్మానాన్నలకూ హాయి. పోపు పెట్టేముందు పొగ సెన్సర్ ఎక్కడుందో మాత్రం చూసుకోవాలి. ఇప్పుడు అదే లెక్క ఒక్క రాత్రికి వేద్దాం. హోటల్: 260, భోజనం 100, మొత్తం 360. అపార్ట్‌మెంట్: 150, శుభ్రానికి 90, సరుకులు 20, బయట భోజనం 100, మొత్తం 360. తేడా మాయమైంది. మూడు రాత్రుల మీద పంచుకున్న 90 యూరోల భారం ఒక్క రాత్రి మీద పడటం, వంట చేసుకునే తీరిక లేకపోవడం, ఈ రెండే కారణం. ఇగ్ల్స్‌లో ఒక్క రాత్రికి 210, భోజనం 88, రానూపోనూ బస్సు టికెట్లకు 24 అనుకుంటే 322. మిగిలే ఆ 38 యూరోల కోసం నాలుగు పెట్టెలు పైకి మోసి, మళ్లీ పొద్దున్నే కిందికి దించాలా అన్నది ఎవరి ఓపిక వాళ్లది.

వీటి మీద తలకింత అని రాత్రికి కట్టే స్థానిక పన్ను ఒకటి ఉంటుంది. చాలా సైట్లలో అది కనిపించే రేటులో కలవదు, దిగినచోట విడిగా అడుగుతారు. మోసమేమీ కాదు, చట్టం ప్రకారం వసూలు చేసేదే.

కారులో వచ్చేవాళ్లకు ఇంకో పద్దు. ఊరి మధ్యలో రోడ్డు మీద పార్కింగ్‌కు టైము పరిమితి, రుసుము ఉంటాయి. హోటల్ గ్యారేజీకి రోజుకింత అని విడిగా తీసుకుంటారు. ఆస్ట్రియా మోటార్‌వేలకు విన్యెట్ అనే రోడ్డు రుసుము పాస్ కావాలి. ఇక్కడి నుంచి ఇటలీ వెళ్లే బ్రెన్నర్ మోటార్‌వేకు మాత్రం విడిగా టోల్ కట్టాలి. కారుంటే ఇగ్ల్స్, హాల్ లాంటివి ఒక్కసారిగా ఆకర్షణీయంగా మారిపోతాయి, ఎందుకంటే ఆఖరి బస్సు బెంగ పోతుంది, పార్కింగ్ కూడా సులువు.

రెండు కార్డులు, రెండు వేర్వేరు సంగతులు

జనం ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. ‘వెల్‌కమ్ కార్డ్’ ఉచితం. ఆ పథకంలో చేరిన బసల్లో రెండు రాత్రులు లేదా అంతకన్నా ఎక్కువ ఉండేవాళ్లకు హోటల్‌వాళ్లే ఇస్తారు. ఆ ప్రాంతంలో బస్సులు, ట్రామ్‌ల ప్రయాణం ఇందులో కలిసి వస్తుంది. ‘ఇన్స్‌బ్రుక్ కార్డ్’ వేరు, అది డబ్బిచ్చి కొనుక్కునేది: 24, 48, 72 గంటలకు దొరుకుతుంది. మ్యూజియంలు, నార్డ్‌కెట్టే కేబుల్ కార్‌లో ఒకసారి పైకీ కిందికీ, ఊళ్లో బస్సులు, స్వరోవ్‌స్కీ మ్యూజియం టికెట్, అక్కడికి షటిల్ బస్సు అన్నీ అందులో ఉంటాయి.

బసకూ దీనికీ సంబంధం ఏమిటంటే, ఊరికి దూరంగా ఉండే బస నిజంగా చౌక అవునో కాదో తేల్చేది మొదటి కార్డు. పై లెక్కలో ఇగ్ల్స్‌కు మూడు రాత్రుల బస్సు ఖర్చు సున్నా వేశాం, అది ఈ కార్డు వల్లే. ఒక్క రాత్రి లెక్కలో 24 యూరోలు పడ్డాయి, కార్డు రాలేదు కాబట్టి. అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్లలో కొన్ని ఈ పథకంలో ఉంటాయి, కొన్ని ఉండవు. బుక్ చేసేముందు ఒక్క మెసేజ్ పెట్టి అడిగితే తేలిపోతుంది.

కాలం మారితే జవాబూ మారుతుంది

డిసెంబరులో క్రిస్మస్ బజార్లు బంగారు కప్పు ముందు, మరియా తెరీజియా వీధిలో పెడతారు. సాయంత్రాలే అసలు సందడి కాబట్టి ఊళ్లో ఉంటేనే ఆ రద్దీకి అర్థం. రేట్లూ అలాగే ఉంటాయి. జనవరి, ఫిబ్రవరిల్లో స్కీ కోసం, మంచు కోసం వచ్చేవాళ్లకు పైన మెట్ట మీది పల్లెలు బాగుంటాయి. జులై, ఆగస్టుల్లో పైన చల్లదనం అదనపు లాభం.

అసలు చిక్కు ఏప్రిల్–మే, అక్టోబరు చివర–నవంబరు మధ్య. స్కీ సీజన్ ముగిసి వేసవి మొదలయ్యేలోపు, వేసవి ముగిసి మంచు పడేలోపు పల్లెల్లోని హోటళ్లు చాలావరకు మూసేసి, పనివాళ్లకు సెలవులిస్తాయి. కేబుల్ కార్లు కూడా మరమ్మతుల కోసం కొన్ని వారాలు ఆపేస్తారు. మన పిల్లల వేసవి సెలవులు మొదలయ్యేది సరిగ్గా ఏప్రిల్ చివర్లో. ఆ రోజుల్లో కొండ మీద చౌకగా గది దొరికిందని సంబరపడితే, అక్కడ లిఫ్టు తిరగదు, భోజనం దొరకదు. ఊళ్లోకి దిగితే మాత్రం ఏ తేడా ఉండదు. 1669లో పెట్టిన విశ్వవిద్యాలయం ఉంది, వేలమంది విద్యార్థులు ఉన్నారు, కాఫీ హోటళ్లు కళకళలాడుతూనే ఉంటాయి.

గాలి సంగతీ చెప్పాలి. దక్షిణం నుంచి పర్వతాలు దాటి కిందికి విరుచుకుపడే వెచ్చని గాలిని ఇక్కడ ‘ఫ్యోన్’ (Föhn) అంటారు. వసంతంలో, శరదృతువులో ఎక్కువ. అది వీచిన రోజు ఆకాశం అద్దంలా ఉంటుంది, శిఖరాలు చేతికందేంత దగ్గరగా కనిపిస్తాయి, కేబుల్ కార్లు మాత్రం ఆగిపోతాయి. ఒక్క రాత్రికి వచ్చి, మర్నాడు పొద్దున్నే నార్డ్‌కెట్టే ఎక్కి వెళ్లిపోదామనుకునేవాళ్ల పథకం ఆ గాలికి కొట్టుకుపోతుంది. రెండు రాత్రులుంటే చేతిలో ఇంకో పొద్దు ఉంటుంది.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, సూపర్‌మార్కెట్లతో సహా. అపార్ట్‌మెంట్ తీసుకుని శనివారం రాత్రి దిగేవాళ్లు పాలు, పెరుగు లేకుండా ఇరుక్కుపోతారు. ప్రధాన రైల్వే స్టేషన్‌లోని సూపర్‌మార్కెట్ మాత్రం ఆదివారం కూడా తెరిచే ఉంటుంది. స్టేషన్ దగ్గర బస వల్ల ఇదొక లాభం.

అపార్ట్‌మెంట్ల మీద ఊరివాళ్ల మాట

అపార్ట్‌మెంట్ లెక్క మనకు ఎంత బాగున్నా, ఆ ఊరివాళ్లకు అది వాదనలో ఉన్న విషయం. ఇరువైపులా కొండలుంటే ఊరు పెరగడానికి నేల ఎక్కడిది? ఉన్న కొద్ది ఇళ్ల కోసం స్థానికులు, విద్యార్థులు, టూరిస్టులు పోటీ పడతారు. ఆస్ట్రియాలో ఇంటి అద్దెలు బాగా ఎక్కువున్న నగరాల్లో ఇన్స్‌బ్రుక్ ఒకటి. టిరోల్ రాష్ట్రం 2023 జనవరి 1 నుంచి ఖాళీగా పెట్టిన ఇళ్ల మీద పన్ను వేస్తోంది. సెలవు నివాసాల మీద కూడా అక్కడ కట్టడులు, రుసుములు ఉన్నాయి. రోజువారీ అద్దెకు ఇచ్చే ప్రతి ఇల్లూ ఒక కుటుంబానికి తగ్గిన ఇల్లే అంటారు ఒక వర్గం. తమ ఇంట్లోనే ఒక భాగాన్ని అద్దెకిచ్చి బతికే టిరోల్ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి, వాళ్లనూ, పెట్టుబడి కోసం పది ఫ్లాట్లు కొని తిప్పేవాళ్లనూ ఒకే గాటన కట్టకండి అంటారు ఇంకో వర్గం. రెండిటిలోనూ నిజముంది. టూరిస్టుకు దీంతో పనేమిటంటే, రిజిస్టరైన బస అయితే పాస్‌పోర్టు వివరాలు తీసుకుంటారు, స్థానిక పన్ను కట్టించుకుని రసీదు ఇస్తారు. ఇవేవీ అడగని చోట అనుమానించాలి. వీసా అధికారి ఆ బుకింగ్‌ను సరిచూడాలనుకుంటే చిక్కు మీకే.

బోల్జానోలో ఇదే పద్ధతి

బ్రెన్నర్ కనుమ దాటి ఇటలీలోకి దిగితే బోల్జానో వస్తుంది. నగరం 262 మీటర్ల ఎత్తున గిన్నె అడుగులాంటి లోయలో ఉంటుంది, వేసవిలో ఉడికిపోతుంది. కేబుల్ కార్ ఎక్కితే పన్నెండు నిమిషాల్లో 1,221 మీటర్ల ఎత్తున రెనాన్ మెట్ట. అక్కడ పైన ఉండటం ఇగ్ల్స్‌లో ఉండటం కంటే సులువు, ఎందుకంటే కేబుల్ కార్ దిగేది రైల్వే స్టేషన్‌కు కొద్దిపాటి నడక దూరంలోనే. జులైలో పెద్దవాళ్లతో వెళ్తే అక్కడ కొండ మీదే గది చూస్తాను. కేబుల్ కార్ ఆఖరి ట్రిప్పు ఎన్నింటికో మాత్రం బుక్ చేసేముందే చూసుకుంటాను.